రంగు నిలిచే కీలు: బంతి కీళ్ల రెసిన్ బొమ్మలకు రంగులు, రక్షణ

బంతి కీళ్ల బొమ్మ అంటే తల, మొండెం, తొడలు, పిక్కలు, పాదాలు, చేతులు విడివిడిగా పోతపోసి, బోలుగా ఉండే ఆ ముక్కల లోపలి నుంచి ఎలాస్టిక్ తాడు దూర్చి, ఆ తాడు బిగువుతోనే ఒక్క ఒళ్లుగా నిలబెట్టిన బొమ్మ. ప్రతి కీలు దగ్గరా ఒక ముక్క కొస బంతిలా గుండ్రంగా, దానికి ఎదురుగా వచ్చే ముక్క కొస గిన్నెలా పల్లంగా ఉంటాయి. మనిషి భుజంలోనూ తుంటిలోనూ ఉండే బంతిగిన్నె కీలు పనిచేసే తీరులోనే ఇదీ పనిచేస్తుంది. మేకు, మర, జిగురు ఏవీ లేని ఈ అమరికలో బొమ్మ ఎత్తిన చెయ్యిని ఎత్తినట్టే ఉంచగలగడానికి కారణం బంతికీ గిన్నెకీ మధ్య పుట్టే రాపిడి. కీలు మీద వేసిన రంగును గీరేసేది కూడా ఆ రాపిడే. రాపిడి లేకపోతే బొమ్మ నిలవదు, ఉంటే రంగు నిలవదు అన్న ఈ చిక్కును అర్థం చేసుకోకుండా ఎంత మంచి రంగులు కొన్నా, ఎన్ని పూతలు వేసినా ఫలితం ఉండదు కనుక, ఈ అధ్యాయం రంగులకన్నా ముందు రాపిడిని పట్టించుకుంటుంది.

ఇలాంటి కీళ్లు నిన్న మొన్న పుట్టినవి కావు. పంతొమ్మిదో శతాబ్ది చివర జర్మనీ, ఫ్రాన్స్ దేశాల్లో తయారైన పింగాణీ తలల బొమ్మలకు కాగితపు గుజ్జు, రంపపు పొట్టు, జిగురు వంటివి కలిపి చేసిన ఒళ్లు, బంతుల కీళ్లు ఉండేవి. 1930లలో హాన్స్ బెల్మర్ అనే జర్మన్ కళాకారుడు బంతి కీళ్లతో చేసిన బొమ్మ, ఆ తరవాతి కాలంలో జపాన్ బొమ్మల కళాకారులను బలంగా ప్రభావితం చేసింది. నేడు బీజేడీ (బాల్ జాయింటెడ్ డాల్) అని లోకమంతా పిలుచుకునే రెసిన్ బొమ్మ మాత్రం 1999లో, జపాన్‌లోని క్యోటోకు చెందిన వోక్స్ సంస్థ సూపర్ డాల్ఫీ పేరుతో సుమారు 57 సెంటీమీటర్ల ఎత్తు బొమ్మను విడుదల చేయడంతో మొదలైంది. ఆ సంస్థ అప్పటికే రెసిన్ కిట్లు, అంటే కొన్నవారే ముక్కలు అతికించి రంగులు వేసుకునే నమూనా బొమ్మలు అమ్ముతూ ఉండేది. ఆ అలవాటు ఈ బొమ్మలకూ సంక్రమించి, బొమ్మను విప్పడం, ముఖం చెరిపి తిరిగి దిద్దడం, ఒంటికి రంగు వేయడం యజమాని హక్కుగానే మొదటి నుంచీ సాగుతున్నాయి. కొన్నేళ్లకే దక్షిణ కొరియా, ఆపైన చైనా తయారీదారులు రంగంలోకి దిగారు. 60 సెంటీమీటర్ల దరిదాపు ఎత్తున్న బొమ్మను మూడో వంతు అనీ, 40 నుంచి 45 మధ్య ఉన్నదాన్ని నాలుగో వంతు అనీ, 30 లోపు ఉన్నదాన్ని ఆరో వంతు అనీ మనిషి కొలతతో పోల్చి చెప్పడం ఈ రంగంలో పరిపాటి.

రెసిన్ అని వాడుకలో చెప్పేది పాలియురిథేన్ అనే ప్లాస్టిక్. రెండు ద్రవాలను కలిపి సిలికాన్ అచ్చులో పోస్తే అవి ఒకదానితో ఒకటి చర్య జరిపి గట్టిపడతాయి. అచ్చు నుంచి ముక్క తేలిగ్గా ఊడి రావడానికి పూసే జారుడు పదార్థం ముక్క మీద మిగిలిపోతుంది కాబట్టి కొత్త బొమ్మ మీద నేరుగా వేసిన రంగు పొరలుగా లేచిపోతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల రెసిన్ ఏళ్లు గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది. సాన పడితే నున్నగా తేలుతుంది కానీ, ఆ పొడి ఊపిరితిత్తులకు హాని చేసేంత సన్ననిది. ఈ మూడు గుణాలూ కీళ్ల పనిలో అడుగడుగునా ఎదురవుతాయి.

రాపిడి ఎక్కడుందో కనిపెట్టడం

బంతి, గిన్నె ఒకదానిలో ఒకటి పూర్తిగా ఇమిడిపోయినట్టు కంటికి కనిపించినా, అవి నిజంగా తాకేది చాలా బొమ్మల్లో గిన్నె అంచు వెంబడి ఉండే సన్నని వలయంలోనే. పోతలోనూ సానలోనూ వచ్చే చిన్న చిన్న తేడాల వల్ల ఆ వలయం కూడా ఒకపక్క గట్టిగా నొక్కుతూ, మరోపక్క తాకీ తాకనట్టు ఉంటుంది. ఒకే తయారీదారు ఒకే అచ్చులో పోసిన రెండు బొమ్మల మోకాళ్లు ఒకే చోట గీరుకుపోవాలన్న నియమం లేదు. అందుచేత బ్రష్ పట్టుకునే ముందే ఆ బొమ్మకు సంబంధించినంత వరకు రాపిడి పటం ఒకటి తయారు చేసుకోవడం ఈ పని మొత్తంలో అత్యంత విలువైన మెట్టు; చాలామంది వదిలేసే మెట్టు కూడా ఇదే.

పద్ధతి సులువు. లేత గోధుమ రంగు పాస్టెల్ సుద్దను బ్లేడుతో గీకి, ఆ పొడిని మెత్తని బ్రష్‌తో బంతి మీద పల్చగా అద్ది, ముక్కలను ఎలాస్టిక్‌తో తిరిగి బిగించి, ఆ కీలు తిరగగలిగిన అన్ని దిక్కులకూ నాలుగైదుసార్లు తిప్పి విప్పి చూస్తే, బంతి మీద పొడి చెరిగిన చోట్లు, గిన్నెలో పొడి అంటిన చోట్లు విడివిడిగా తెలుస్తాయి. పన్నుకు సిమెంటు నింపాక దంతవైద్యులు రంగు కాగితం కొరికించి ఎక్కడ ఎత్తుగా తగులుతోందో చూసే తీరు ఇదే. ఈ పరీక్షకు ఎరుపు, ముదురు నీలం వంటి రంగులు వాడకూడదు. పూత లేని రెసిన్‌లోకి అవి దిగి మరకగా మిగిలే ప్రమాదం ఉంది. గుర్తులను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకుని, పొడిని సబ్బు నీటితో కడిగేస్తే పటం సిద్ధం.

ఈ పటాన్ని చదవడం ఎలాగో రెండు ముక్కలున్న మోచేతి కీలులో బాగా తెలుస్తుంది. పై చేతికీ ముంజేతికీ మధ్య రెండు వైపులా బంతి ఉన్న చిన్న ముక్క ఒకటి ఉంటుంది. చెయ్యి చాపి ఉన్నప్పుడు ఆ ముక్క దాదాపు కనిపించదు, చెయ్యి మడిచినప్పుడు వెలుపలి వైపు మోచిప్పలా బయటపడుతుంది. గులాబి ఛాయ వేస్తే అందంగా కనిపించేది సరిగ్గా ఆ భాగమే. చెయ్యి చాపిన ప్రతిసారీ ఆ భాగం పై చేతి గిన్నె అంచు కిందుగా దూరి వెళ్తుంది కనుక, ఆ అంచు గీరిన మేర రంగు నెలవంక ఆకారంలో చెరిగి, అడుగున ఉన్న రెసిన్ తెల్లగా బయటపడుతుంది. మోకాలి చిప్పకు తొడ అంచు చేసే హాని కూడా ఇలాంటిదే, పైగా బొమ్మను కూర్చోబెట్టడం, నిలబెట్టడం తరచుగా జరిగే పని కాబట్టి అక్కడ హాని ఇంకా తొందరగా కనిపిస్తుంది. మణికట్టు, చీలమండ దగ్గర తిరుగుడు తక్కువ, అందువల్ల ముప్పూ తక్కువ. మెడ దగ్గర ఒత్తిడి ఉన్నా, అది తల చాటున ఉండే చోటు.

పటం సిద్ధమయ్యాక పాటించవలసిన నియమం ఒక్కటే: రెసిన్ రెసిన్‌ను తాకే చోట రంగు వేయకూడదు, ఆ వలయానికి రెండు మూడు మిల్లీమీటర్ల ఇవతలే రంగు పలచబడి ఆగిపోవాలి. కీలు సందులో సహజంగానే నీడ పడుతుంది కాబట్టి ఆ కొద్దిపాటి ఖాళీ చేతి దూరంలో చూసేవారి కంటికి ఆనదు. ఈ నియమాన్ని ఒప్పుకోవడానికి కొత్తవారికి మనసు రాదు. రంగు పోతుందంటే దాని మీద ఇంకో రెండు పూతలు దట్టంగా వేస్తే ఆగుతుంది కదా అనిపిస్తుంది. ఆ ఆలోచన ఎందుకు బెడిసికొడుతుందో పూతల స్వభావం చూస్తే తెలుస్తుంది. మెరుపు లేని స్ప్రే పూతల్లో ఆ మెరుపును తగ్గించడానికి సాధారణంగా సిలికా లాంటి సన్నని పొడి కలుపుతారు. ఆ పొడి వల్ల పూత పైభాగం కంటికి కనిపించనంత గరుకుగా ఉండి, రెండు గరుకు తలాలు ఒకదాన్నొకటి రుద్దుకోగానే తెల్లని పిండిలా రాలుతుంది. మెరిసే అక్రిలిక్ వార్నిష్ ఇందుకు విరుద్ధం: అది నున్నగానే ఉంటుంది కానీ, వేడికి మెత్తబడే గుణం గలది కనుక, ఎలాస్టిక్ రోజుల తరబడి నొక్కి ఉంచిన రెండు వార్నిష్ తలాలు ఒకదానికొకటి అంటుకుపోయి, కీలు కదిపినప్పుడు పెచ్చుగా ఊడి వస్తాయి. మే నెల వేడిలో తెలుగునాట ఏ ఇంట్లోనైనా ఇది జరగవచ్చు. పూత మందం పెరిగేకొద్దీ బంతి లావెక్కి, గిన్నె ఇరుకై ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. కీలు లోపల ఎక్కువ పూత అంటే ఎక్కువ నష్టమే.

తాకే వలయాన్ని అలా వదిలేయడం కూడా సరికాదు. పోత గీతలు, అంటే అచ్చు రెండు భాగాలూ కలిసిన చోట మిగిలే సన్నని గట్లు, బంతి మీద ఉంటే అవి కత్తిలా పనిచేస్తాయి. వాటిని 400 నంబరు ఉప్పుకాగితంతో మొదలుపెట్టి, 600, 1000, 1500 వరకు వరుసగా, నీళ్లలో తడుపుతూ సాన పట్టి నున్నగా తేల్చాలి. తడి సాన వల్ల పొడి గాలిలోకి లేవదు. అయినా ఎన్95 మాస్కు పెట్టుకోవడం, ఆ నీటిని బట్టలో వడకట్టి మడ్డిని చెత్తలో వేయడం మంచిది. గిన్నె అంచు పదునుగా ఉంటే దాన్ని కూడా వెంట్రుకవాసి మొద్దుబారేలా రుద్దాలి. రంగును గీరేవాటిలో ఈ పదునైన అంచుది పెద్ద వాటా, దాన్ని సరిచేయడం అయిదు నిమిషాల పని.

రంగు వేసే క్రమం

బొమ్మను విప్పకుండా కీళ్లకు రంగు వేయడం కుదరదు. తల తీసి, తాడును పట్టి ఉంచే ఎస్ ఆకారపు కొక్కేలను జాగ్రత్తగా తప్పించి, ఎలాస్టిక్‌ను పూర్తిగా బయటికి లాగి, కుడి ఎడమలు తారుమారు కాకుండా ముక్కలను వరుసగా పరుచుకోవాలి. ప్రతి ముక్కనూ గోరువెచ్చని నీళ్లలో, గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, పాత టూత్‌బ్రష్‌తో లోపలా బయటా రుద్ది కడిగి, ఒక రాత్రంతా ఆరనిస్తే జారుడు పదార్థం పోతుంది. ఆ తరవాత ఒట్టి చేతులతో ముట్టుకోకుండా నైట్రైల్ గ్లవుజులు వేసుకోవాలి, ఎందుకంటే వేలి ముద్రలోని నూనె చాలు రంగు ఆ మేరకు పట్టకుండా చేయడానికి.

పటంలో గుర్తించిన వలయానికి, గిన్నె లోపలి భాగానికి మాస్కింగ్ టేపు అంటించాక మొదటి పూత స్ప్రే చేయాలి. ఈ పూత పని రంగుకు పట్టు ఇవ్వడం. నున్నని రెసిన్ మీద పాస్టెల్ పొడి నిలవదు, మెరుపు లేని పూత గరుకుదనంలో అది చిక్కుకుంటుంది. కీలు లోపల శత్రువైన గరుకుదనమే కీలు వెలుపల ఇలా మిత్రమవుతుంది. ఈ పనికి బొమ్మల వారు ఎక్కువగా వాడేది జపాన్‌కు చెందిన జీఎస్ఐ క్రియోస్ సంస్థ మిస్టర్ సూపర్ క్లియర్, అందులోనూ యూవీ కట్ అని రాసి ఉన్న మ్యాట్ రకం. అది అతినీలలోహిత కిరణాలను కొంత తగ్గిస్తుంది కానీ పసుపు తిరగడాన్ని పూర్తిగా ఆపుతుందని నమ్మరాదు. ముక్కకు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో డబ్బాను పట్టుకుని, స్ప్రేను ముక్కకు అవతల మొదలుపెట్టి, ముక్క మీదుగా ఒక్క ఊపున దాటించి, ఇవతల ఆపాలి. తడిసి మెరిసేంతగా ఒకేసారి కొడితే ద్రవం టేపు అంచున చేరి గట్టులా గడ్డకడుతుంది. ఆ గట్టే రేపు మొదట ఊడే పెచ్చు.

ఈ స్ప్రేలోని ద్రావకాల ఆవిరి తేలిగ్గా తీసుకోదగింది కాదు. ఎన్95 మాస్కు ధూళిని ఆపుతుందే కానీ ఆవిరిని ఆపదు కనుక, సేంద్రియ ఆవిరులను పీల్చుకునే కార్ట్రిడ్జి ఉన్న రెస్పిరేటర్ తప్పనిసరి. మేడ మీదనో, గాలి ఆడే బాల్కనీలోనో, పిల్లలు దగ్గర లేనప్పుడు, పొయ్యి, దీపం, అగరుబత్తి వంటి నిప్పు దరిదాపుల్లో లేకుండా చూసుకుని ఈ పని చేయాలి. ఏసీ గదిలో తలుపులు మూసుకుని చేయడం అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు.

స్ప్రే పూత వాతావరణం మీద ఎంతగా ఆధారపడుతుందో చెప్పే సూచనలు డబ్బాల మీద క్లుప్తంగా ఉంటాయి. తెలుగువారికి ఇది విడిగా చెప్పవలసిన సంగతి. గాలిలో తేమ 60 శాతం దాటితే ద్రావకం ఆవిరయ్యే చల్లదనానికి గాలిలోని నీరు పూత మీద పేరుకుని, పూత పాలపొరలా తెల్లబారుతుంది. విశాఖపట్నం, మచిలీపట్నం, నెల్లూరు వంటి తీరప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ రోజులు తేమ ఈ హద్దుకు పైనే ఉంటుంది, వానాకాలంలోనైతే చెప్పనే అక్కర్లేదు. అక్కడి వారు చలికాలంలో ఎండ బాగా వచ్చిన పొడి మధ్యాహ్నాన్ని ఎంచుకోవడం, గోడకు చిన్న హైగ్రోమీటర్, అంటే తేమను కొలిచే పరికరం, తగిలించుకోవడం మేలు. హైదరాబాద్, కర్నూలు వైపు ఫిబ్రవరి, మార్చి నెలలు ఈ పనికి అనువైనవి. అదే ప్రాంతంలో మే నెలలో 40 డిగ్రీలు దాటిన ఎండలో కొడితే స్ప్రే తుంపరలు ముక్కను చేరకముందే గాలిలో ఆరిపోయి, ఇసుక చల్లినట్టు పడతాయి. అమెరికాలో చలి రాష్ట్రాల్లో ఉన్నవారికి ఎదురయ్యే ఇబ్బంది వేరు: చల్లబడిన డబ్బాలో పీడనం తగ్గి స్ప్రే చుక్కలు చుక్కలుగా ఉమ్మినట్టు పడుతుంది, అప్పుడు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో కాసేపు ఉంచాలి, వేడి నీళ్లలో ఎన్నడూ పెట్టకూడదు. తెల్లబారిన పూతను చూసి వెంటనే చెరపనక్కర్లేదు. పొడి రోజున పైన ఇంకో పల్చని పూత కొడితే దానిలోని ద్రావకం కింది పొరను కరిగించి చాలాసార్లు సరిచేస్తుంది.

మొదటి పూత ఆరాక రంగు పని మొదలవుతుంది. కళాకారులు వాడే మెత్తని, నూనె లేని పాస్టెల్ సుద్ద పొడిని మెత్తని బ్రష్‌తో కొద్దికొద్దిగా అద్దుతూ, కీలు మధ్య నుంచి వలయం వైపు వెళ్లేకొద్దీ పలచబరచాలి. ఒకేసారి ముదురు రంగు రాదు, రావాలని చూడకూడదు. ఒక పొర పొడి, ఒక పల్చని స్ప్రే, మళ్లీ పొడి, మళ్లీ స్ప్రే, ఇలా మూడు నాలుగు విడతల్లో లోతు వస్తుంది. పొరకూ పొరకూ మధ్య కనీసం అరగంట విరామం ఉండాలి. తెల్ల రెసిన్‌కు అలవాటుపడిన పుస్తకాలు మోకాళ్లకు, మోచేతులకు లేత గులాబి వేయమంటాయి. మన చాయలకు దగ్గరగా ఉండే గోధుమ, చామనచాయ రెసిన్ మీద ఆ గులాబి బూడిద పూసినట్టు తేలిపోతుంది. అక్కడ ఇటుక ఎరుపు, ముదురు గోధుమ, రవ్వంత ఊదా కలిపిన ఛాయే చర్మంలా కుదురుతుంది. గోళ్లు, కీళ్ల ముడతల గీతలు నీళ్లలో పలుచన చేసిన అక్రిలిక్ రంగుతో సన్నని బ్రష్‌తో దిద్దుకోవచ్చు. పెళ్లికూతురి అలంకారం చేసే బొమ్మకు పాదాలకు పారాణి పెట్టాలనుకుంటే, పాదం చుట్టూ తీసే ఎర్రని గీత చీలమండ బంతి తిరిగే చోటుకు కిందుగానే ఆగేలా ముందే పెన్సిల్‌తో కొలత పెట్టుకోవాలి. పారాణి ఎరుపు ఒక్కసారి గిన్నెలోకి పాకితే రెసిన్ నుంచి వదిలించడం కష్టం.

చివరి పూత వేశాక ముట్టుకుంటే ఆరినట్టు అనిపించడానికి అరగంట చాలు, లోపల గట్టిపడడానికి మాత్రం ఒకటి రెండు రోజులు కావాలి. టేపును చివరి పూత కొద్దిగా ఆరగానే, పూర్తిగా గట్టిపడకముందే, పూతకు దూరంగా వాలుగా లాగి తీయాలి. గట్టిపడ్డాక తీస్తే పూత అంచు కూడా దానితో లేచి వస్తుంది. ఈ ఆరే గడువు దాకా ఓపిక పట్టలేక ముందే తాడు బిగించిన బొమ్మల కీళ్లే అన్నిటికన్నా తొందరగా పాడవుతాయి.

గిన్నెలో తోలు పొర

రంగు వేయకుండా వదిలిన వలయంలో రెసిన్ రెసిన్‌ను రుద్దుకుంటూనే ఉంటుంది. ఆ రెంటి మధ్య మెత్తని పొర ఒకటి పెడితే బంతి ఒక వెంట్రుకవాసి పైకి లేచి, రంగు వేసిన అంచుకు గిన్నె అంచు తగలడం తగ్గుతుంది. సాన పట్టడం వల్ల తగ్గిన పట్టు కూడా తిరిగి వచ్చి బొమ్మ బాగా నిలబడుతుంది. రాపిడికీ రంగుకీ మధ్య రాజీ కుదిర్చే ఉపాయాల్లో ఇంతకు మించినది లేదు. ఇందుకు ఎక్కువగా వాడేది స్వెడ్, అంటే నూగు తేలిన పల్చని తోలు. గిన్నె కొలతకు గుండ్రంగా కత్తిరించి, మధ్యలో తాడుకు రంధ్రం చేసి, అంచు నుంచి మధ్యకు నాలుగైదు చీలికలు పెడితే అది ముడతలు పడకుండా గిన్నె వంపులో కూర్చుంటుంది. అతికించడానికి నీటిలో కరిగే తెల్ల జిగురు మేలు. సూపర్ గ్లూ వాడితే గట్టి గుట్టలు మిగులుతాయి, ఆవిరికి రెసిన్ మీద తెల్లని మసక పడుతుంది, రేపు పొర మార్చడం కూడా కష్టం. తోలు రంగు దిగనిదై ఉండాలి. తడిపిన తెల్లని గుడ్డతో గట్టిగా రుద్ది, గుడ్డకు రంగు అంటితే ఆ తోలును పక్కన పెట్టాలి.

తోలు దొరకనివారు గ్లూ గన్‌తో వేడి జిగురును గిన్నెలో పల్చగా పూసి చదును చేస్తారు. ఇది చవక, తొందరగా అయ్యే పని, అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క వేస్తే శుభ్రంగా ఊడి వస్తుంది. అయితే తక్కువ వేడితో పనిచేసే గన్ వాడాలి, పూత వేసిన అంచుకు జిగురు తగలనీయకూడదు. ఎండలో నిలిపిన కారు లాంటి చోట ఈ జిగురు మెత్తబడుతుంది. అందుకే మన ఎండలకు తోలే నమ్మదగినది.

ఒళ్లంతా ఒకే రంగు కావాలంటే

వలయాన్ని వదిలేసే నియమం చర్మపు ఛాయలకు సరిపోతుంది కానీ, తెల్ల రెసిన్ బొమ్మను నీలమేఘశ్యాముడిగా మార్చాలనుకునేవారికి సరిపోదు. ఒళ్లంతా నీలం పూసి కీళ్ల దగ్గర తెల్లని వలయం వదిలితే కంటికి గుచ్చుకుంటుంది, వలయం మీద కూడా పూస్తే నెల తిరక్కుండా చెరుగుతుంది. ఇక్కడ పూతను వదిలి అద్దకానికి వెళ్లడమే దారి. పాలిస్టర్ వంటి సింథటిక్ బట్టలకు వాడే అద్దకపు రంగును వేడి నీళ్లలో కలిపి, విప్పి కడిగిన ముక్కలను అందులో ముంచితే రంగు రెసిన్ పైపొరలోకి కొద్దిగా ఇంకుతుంది. పైన వేరే పొర లేదు కాబట్టి పెచ్చు లేచే ప్రసక్తే ఉండదు. పని తేలిక కాదు. వేడికి రెసిన్ మెత్తబడి వంగుతుంది కనుక నీళ్లు మరగకూడదు, ముక్కను పాత్ర అడుగున ఆననీయకుండా కదుపుతూ ఉండాలి, అన్ని ముక్కలూ ఒకే ఛాయ తేలాలంటే ఒకే నీళ్లలో, ఒకే వేడిలో, అంతే సేపు ఉంచాలి. అద్దిన రంగు వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం. అంత సాహసం చేయలేనివారు పోతలోనే రంగు కలిపిన రెసిన్‌తో చేసిన బొమ్మను కొనడం తెలివైన పని. కొందరు తయారీదారులు గోధుమ, బూడిద, నీలం ఛాయల్లో కూడా పోసి ఇస్తున్నారు.

కదిపే తీరు, దాచే తీరు

ఎంత జాగ్రత్తగా వేసిన రంగైనా చివరికి నిలిచేది బొమ్మను కదిపే చేతుల్లోనే. కీలును గిన్నెలో ఉండగానే బలంగా తిప్పడం తప్పు. ఒక చేత్తో పై ముక్కను, ఇంకో చేత్తో కింది ముక్కను పట్టుకుని, ఎలాస్టిక్ సాగేలా రెంటినీ కొద్దిగా ఎడంగా లాగి, బంతి గిన్నె నుంచి లేచాక కావలసిన వైపుకు తిప్పి, నెమ్మదిగా వదిలి కూర్చోబెట్టాలి. ఈ అలవాటు చేసే మేలు డబ్బాల కొద్దీ స్ప్రే కూడా చేయలేదు. తాడు మరీ బిగువుగా ఉంటే ఎడంగా లాగడమే కష్టమవుతుంది, మరీ వదులైతే బొమ్మ నిలవదు. మూడో వంతు బొమ్మలకు సాధారణంగా నాలుగైదు, నాలుగో వంతు బొమ్మలకు మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం తాడు వాడతారు. రంగు వేసిన ముక్కలకు తిరిగి తాడు ఎక్కించేటప్పుడు ప్రతి ముక్కకూ మెత్తని గుడ్డ చుట్టి, గిన్నెల సందుల్లో మడత పెట్టిన రిబ్బను ఉంచి, ఆ రిబ్బనుతో తాడును లాగితే, తాడు ఒక్కసారిగా జారి ముక్కలు టక్కున కొట్టుకోవడం తప్పుతుంది. అలా ఒక్కసారి కొట్టుకుంటే చాలు, గంటల కొద్దీ దిద్దిన అంచు పగులుతుంది.

ముదురు రంగు బట్టలు రెసిన్‌కు మరక అంటిస్తాయి కనుక లోపల లేత రంగు మేజోళ్లు, సన్నని లోదుస్తులు తొడగాలి. ఇవి కీలు అంచుల మీద కుట్లు, జిప్పులు రుద్దుకోకుండా కూడా కాపాడతాయి. ఎక్కువ కాలం దాచేటప్పుడు కాళ్లూ చేతులూ చాపి, మడత కీళ్ల మధ్య మెత్తని నురుగు షీటు ముక్క పెట్టి, నూలు గుడ్డలో చుట్టి, కిటికీ వెలుగు పడని అలమరలో పడుకోబెట్టాలి. నెలల తరబడి మోకాళ్లు మడిచి గాజు బీరువాలో కూర్చోబెట్టిన బొమ్మకు తొడ అంచు నొక్కిన గీత రంగులో శాశ్వతంగా పడుతుంది.

ఇంత చేసినా ఏదో ఒక నాటికి మోచేతి దగ్గర చిన్న చెరుపు కనిపిస్తుంది. అప్పుడు ఒళ్లంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టనక్కర్లేదు. ఆ ఒక్క ముక్కను విప్పి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్‌తో చెరిగిన చోటు చుట్టూ రంగును తీసేసి, అంచును 1500 నంబరు కాగితంతో తేలిగ్గా కలిపి, ఆ మేరకే పూత, పొడి, పూత వేసుకోవచ్చు. స్ప్రే పూత ఆల్కహాల్‌కు లొంగకపోతే బొమ్మల రంగులకోసం అమ్మే లాకర్ థిన్నర్‌ను మొదట కనిపించని చోట పరీక్షించి వాడాలి. గోళ్ల రంగు తీసే అసిటోన్ మాత్రం రెసిన్‌నే మెత్తబరిచి పాడుచేస్తుంది, దాన్ని పని బల్ల దరిదాపులకు రానీయకూడదు. చెరుపు మళ్లీ అదే చోట వస్తే రంగును తప్పుపట్టకుండా రాపిడి పటం ఇంకోసారి తీసి చూడాలి. ఎక్కడో అంచు పదును మిగిలి ఉంటుంది, లేదా తోలు పొర అరిగి ఉంటుంది.

మొదటిసారి ఈ పనికి పూనుకునేవారు ముఖం, మొండెం జోలికి పోకుండా ఒక్క ముంజేతిని మాత్రమే తీసుకుని, పటం దగ్గర నుంచి తోలు పొర దాకా అన్ని మెట్లూ దాని మీదే పూర్తి చేసి, నెల రోజులు మామూలుగా వాడి చూడాలి. ఆ ముంజేతి మీద రంగు నిలిచిందని తేలాకే మిగతా ఒంటికి చేయి వేయాలి.